అమ్మకి రుమటాయిడ్ కీళ్లవాతం. ఇమ్యూనిటీ కోసం చైనా మూలికల పొడి ఇవ్వొచ్చా?

గుంటూరు_పద్మ: అమ్మకి 61 ఏళ్లు. ఆ జబ్బుకి వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకుంటుంది. చలికాలం వస్తే జలుబు వదలదు. చైనాలో ఎంబీబీఎస్ చదివే మా తమ్ముడు సెలవులకి వస్తూ యూ పింగ్ ఫెంగ్ సాన్ అనే పొడి తెచ్చాడు. రెండు వారాలుగా ఇస్తున్నా. ఎవరైనా వాడారా?

చైనా_రిటర్న్: నేను అక్కడ చదివినన్నాళ్లూ ప్రతి చలికాలం వాడాను. అందులో ఉండేవి మూడే: హువాంగ్ ఛీ, బాయ్ జూ, ఫాంగ్ ఫెంగ్. పేరుకి అర్థం పచ్చరాతి తెర. ఒంటికి పైన కాపలా తిరిగే శక్తిని వాళ్లు వెయ్ ఛీ అంటారు. అది తగ్గితే ఊరికే చెమటలు పడతాయి, మాటిమాటికీ జలుబు చేస్తుంది. వందల ఏళ్లుగా వాడుతున్న మందు. ధైర్యంగా ఇవ్వండి.

మందులషాపు_రవి: పద్మ గారూ, ముందు ఆపండి. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో సన్నబడటానికని చైనా మూలికలు ఇచ్చారు. ఫాంగ్ జీ అనే వేరు బదులు అరిస్టలోకియా జాతి మొక్క వేరు కలిసింది. వందమందికి పైగా కిడ్నీలు పాడయ్యాయి.

చైనా_రిటర్న్: ఫాంగ్ జీ, ఫాంగ్ ఫెంగ్ ఒకటి కాదు. తెలుసుకుని రాయండి.

మందులషాపు_రవి: ఒకటని నేననలేదు. ఒకేలాంటి పేర్లున్న వేర్లు తారుమారైతే ఏమవుతుందో చెప్పాను.

చైనా_రిటర్న్: మళ్లీ అదే! ఈ పొడిలో ఫాంగ్ జీ లేనే లేదు.

సిరిసిల్ల_నరేష్: కరోనా టైమ్‌లో మా ఇంటిల్లిపాదీ కషాయాలు తాగాం. ఎవరికీ ఏం కాలేదు.

భీమవరం_శ్రీ: మా అత్తయ్య ఇమ్యూనిటీ అని ఆరు నెలలు తిప్పతీగ తాగితే కామెర్లు వచ్చాయి. డాక్టర్ గారే మాన్పించారు.

చైనా_రిటర్న్: చైనా శాస్త్రవేత్త తు యూయూకి 2015లో నోబెల్ ఎందుకిచ్చారు? పాత చైనా వైద్యగ్రంథం చూసే కదా మలేరియా మందు తీసింది.

మందులషాపు_రవి: ఆవిడ గ్రంథం చూసి ఊరుకోలేదు. వేడికి గుణం పోతోందని ఈథర్‌తో తీశారు, జంతువుల మీద చూశారు, తర్వాత తనే వేసుకున్నారు. మెథోట్రెక్సేట్ వాడే మనిషికి ఈ పొడి ఎంత ఇవ్వాలో అలా ఎవరు తేల్చారు? పైగా ఈ జబ్బు ఇమ్యూనిటీ తగ్గి వచ్చింది కాదు. ఆ ఇమ్యూనిటీయే సొంత కీళ్ల మీద పడుతోంది. దాని జోరు తగ్గించడానికే ఆ మాత్ర. పొడి నిజంగా పనిచేస్తే మాత్రకి ఎదురు తిరగొచ్చు, పనిచేయకపోతే డబ్బు దండగ.

చైనా_రిటర్న్: మీకు చైనా పేరు చెబితేనే పడదు. చైనా డిగ్రీ అని నన్ను ఒక ఇంటర్వ్యూలో కూర్చోబెట్టి నవ్వారు. ఇక్కడి స్క్రీనింగ్ పరీక్ష రెండోసారికి పాసయ్యాను. నేను నేర్చుకున్నదంతా చెత్తేనా?

మందులషాపు_రవి: మీ చదువుని నేనేమీ అనలేదు. మా నాన్న ఎవరో ఇచ్చిన పొడి మూడు నెలలు చాటుగా వేసుకున్నాడు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎందుకు పెరుగుతోందో డాక్టర్‌కి అంతుపట్టలేదు. ఆ పొట్లం ఆయన పోయాక పరుపు కింద దొరికింది. నా బాధ అది. పద్మ గారూ, డాక్టర్‌కి చెప్పారా?

గుంటూరు_పద్మ: లేదు. పోయినసారి అమ్మ పసుపు పాల గురించి అడిగితే, "అయితే నా దగ్గరికెందుకొచ్చారు?" అన్నారు. రెండు గంటలు కూర్చుంటే రెండు నిమిషాలు చూశారు. తమ్ముడు నాడి పట్టుకుని, నాలుక చూసి, గంటసేపు మాట్లాడాడు. నిద్ర పడుతోందా అని అమ్మని అడిగింది వాడొక్కడే. పొడి ఆపమంటే ఆ మనిషిని కూడా వద్దన్నట్టు ఉంటుంది అమ్మకి.

చైనా_రిటర్న్: మేం పోస్టింగ్ చేసిన హాస్పిటల్లో రెండు రకాల మందులూ ఒకే కేస్ షీట్‌లో రాసేవాళ్లం. దాచడం అక్కడా తప్పే. మెథోట్రెక్సేట్ అని మీరు రాసినా దాటేశాను. అది నా పొరపాటు. పొడి ఆపండి. తమ్ముణ్ణి మాత్రం రోజూ ఫోన్ చేయమనండి.

మందులషాపు_రవి: లివర్ టెస్ట్ చేయించండి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి కూడా అడగండి, చలికాలానికి అవే అండ. ప్యాకెట్ పారేయకుండా డాక్టర్‌కి చూపించండి.

గుంటూరు_పద్మ: సోమవారం వెళ్తున్నాం. ప్యాకెట్ బ్యాగులో పెట్టాను. ఆయన అరుస్తారేమోనని అమ్మ తీసేయమంటోంది.