నీళ్లలో గాలి బుడగకి నెగటివ్ ఛార్జ్ ఎక్కడి నుంచి వస్తుంది?

కెమిస్ట్రీ తెలిసినవాళ్లు ఎవరైనా కాస్త చెప్తారా? మేముండేది కూకట్‌పల్లిలో. వానాకాలంలో ట్యాంకర్ నీళ్లు ఎర్రగా వస్తే అమ్మ బిందెలో పటిక ముక్క నాలుగు తిప్పులు తిప్పుతుంది, కాసేపటికి మట్టంతా దూదిపింజల్లా ముద్దకట్టి అడుక్కి దిగిపోతుంది. ఇంతవరకు ఓకే. బంకమట్టి స్ఫటికంలో సిలికాన్ చోట అల్యూమినియం, అల్యూమినియం చోట మెగ్నీషియం దూరడం వల్ల ఆ రేణువులకి నెగటివ్ ఛార్జ్ ఉంటుంది, అందుకే ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతుంటాయి, పటికలోని అల్యూమినియం ఆ ఛార్జ్‌ని చంపేస్తుంది. ఇసుక రేణువుకైతే పైనున్న ఓహెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్) గ్రూపుల నుంచి ప్రోటాన్ ఊడిపోయి నెగటివ్ ఛార్జ్ మిగులుతుంది.

నా తలనొప్పంతా గాలి బుడగతోనే. అందులో ఊడిపోవడానికి అసలేముందండీ? అయినా మామూలు నీళ్లలో అది పాజిటివ్ ఎలక్ట్రోడ్ వైపే పోతుంది, పీహెచ్ 3-4 దాకా దింపితే గానీ ఆ ఛార్జ్ పోదు. నీళ్లలోని నెగటివ్ హైడ్రాక్సైడ్ అయాన్లు బుడగకి అతుక్కుంటాయని కొందరు, కాదు నీళ్లలో మిగిలిన జిడ్డు మలినాలే కారణమని కొందరు, పైగా చాలా కంప్యూటర్ సిమ్యులేషన్లలో పాజిటివ్ ఛార్జ్ ఉన్న హైడ్రోనియమే (ప్రోటాన్ అతుక్కున్న నీటి అణువు) ఉపరితలానికి చేరుతుంది. ఇదేం గోలో!

ఇందులో ఏది నమ్మాలి? మామూలు కాలేజీ ల్యాబ్‌లో తేల్చుకునే ప్రయోగం ఏదైనా ఉంటే చెప్పండి. ఇలాంటి ఛార్జ్ కొలిచే జీటా మీటర్ కొనమని మాత్రం అనకండి ప్లీజ్.