పాత టాటా 2515 లారీ కొనొచ్చా? నీళ్లు కాగుతాండాయి

బేతంచర్ల బండోడు:
2009 పదిటైర్ల బండి, 697 టర్బో ఇంజను. ఇంజన్ చేపిచ్చి రెండేండ్లయింది అంటాడు ఓనరు. తోలి చూస్తే వేడి చూపే ముల్లు ఎర్రగీత దాకా పోయింది. బేతంచర్ల బండలు బెంగళూరుకు తోలాల. కాగుడు ఎందుకు, మైలేజీ ఎంత, ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్టుకు) ఎంతవుతాది, చెప్పండన్నా.

గువ్వలచెరువు మలుపు:
కాగితే బండి నిలబడతాదిలే. నిలబడకపోతేనే కదా కత. బ్రేకులు చూసినావా? నేను కొన్న కొత్తలో రాయచోటి నుంచి కడపకు లోడుతో దిగుతాంటే, డీజిలు మిగులుతాదని మా డ్రైవరు న్యూట్రల్ కొట్టినాడు. సగం ఘాటులో డ్రమ్ములు కాలిన వాసన, బ్రేకుల గాలి చూపే ముల్లు కిందికి. కొండవైపు మట్టికట్టకు ఆనిచ్చినాం కాబట్టి ఈ పొద్దు రాస్తాండా. ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగు. పొద్దున్నే గాలిట్యాంకుల్లో నీళ్లు వదులు. ఇంజన్ తర్వాత.

తాడిపత్రి షెడ్డు:
థర్మోస్టాట్, అదే నీళ్లు వేడెక్కితే తెరుచుకునే వాల్వు, తీసి పారెయ్ అబ్బీ. ముప్పై ఏండ్లుగా వచ్చిన ప్రతి బండికీ తీస్తాండా. ఒక్కడూ తిరిగొచ్చి అడగలా.

97 బోరు:
వేరే షెడ్డుకు పోయింటారు పెద్దాయనా. 697 అంటే 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు. వాటి మీదనే నా జుట్టు నెరిసింది. వాల్వు తీస్తే బైపాస్ దారి మూసుకోదు. కొన్ని నీళ్లు రేడియేటర్ గడప తొక్కకుండానే మళ్లీ ఇంజన్లోకి పోతాయి, లోడు మీద ఇంకా కాగుతాది. తెల్లారుజామున మాత్రం ఇంజన్ వేడెక్కక డీజిలు తాగుతాది, రింగులు అరుగుతాయి. అనుమానముంటే వాల్వును గిన్నెలో వేసి కాంచు. 80 డిగ్రీలు దాటినాక నోరు తెరవాల.

తాడిపత్రి షెడ్డు:
వాల్వు ఉడకబెట్టుకుంటా కూచుంటే లోడు ఎవురు దించుతారు? మే నెలలో గుత్తి రోడ్డు మీద నిలబడి మాట్లాడు. మా అనంతపురంలో నీకు చలి యాడ కనిపించిందో!

97 బోరు:
ఎండకు వాల్వే తెరుచుకుంటాది, దాని పనే అది! ముప్పై ఏండ్లు చేస్తే తప్పు ఒప్పయిపోతాదా?

తాడిపత్రి షెడ్డు:
నోరు జాగ్రత్త. నువ్వు పానా పట్టకముందే నేను గేర్‌బాక్సులు దించినోణ్ని.

ఉప్పునీళ్లు:
ఆగండప్పా ఇద్దరూ. నా బండి వాల్వు ఉన్నా కాగింది, తీసినా కాగింది. రేడియేటర్ విప్పితే గొట్టాల నిండా సున్నం, నీళ్లు కాచే డేగిసా అడుగున పట్టినట్టు. మా క్లీనరు యాడ బోరుబావి కనపడితే ఆడ నీళ్లు పట్టి పోసినాడు. గొట్టాల్లో రాడ్లు కొట్టిచ్చి కడిగిచ్చినా. అప్పటి నుంచి కూలెంటే.

లేలాండే మేలు:
టాటా కొంటే ఇట్లనే వాల్వుల పంచాయితీ. లేలాండు కొను, నిద్ర పడతాది.

గువ్వలచెరువు మలుపు:
నిద్ర పడతాది, స్పేర్లు వచ్చేదాకా. అవునూ, మా ఊరి మీద పోయేవాళ్లు పాలకోవా కొనేటప్పుడు బండి రోడ్డు దించి పెట్టండి సామీ. మలుపులో నిలిపితే ఎనకొచ్చేవాడు ఏమైపోవాల?

నంద్యాల సిమెంటు:
ఎఫ్‌సీ సంగతి ఎవురూ చెప్పలా. 15 ఏండ్లు దాటిన పెద్దబండికి ఫీజు 1,500 ఉన్నది 2022 ఏప్రిల్ నుంచి 12,500 చేసినారు. ఆ తర్వాతా మారింది, కట్టేముందు చూసుకో. పెయింటు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు, టైర్లు వేరే. కొత్త బండ్ల మాదిరి యూరియా తొట్టి, సెన్సార్ల బాధ మాత్రం లేదు. అందుకే నేనూ పాతదే తోలుతాండా.

బేతంచర్ల బండోడు:
నిన్న ఓనరు ముందరే వాల్వు ఉండే హౌసింగ్ విప్పిచ్చినా. లోపల వాల్వే లేదు. నీళ్లు టీ డికాషన్ మాదిరి ఉండాయి. ముప్పై వేలు తగ్గిచ్చినాడు.

97 బోరు:
చెప్పలా?

తాడిపత్రి షెడ్డు:
ఆ బండి నా దగ్గరికి రాలేదు.

బేతంచర్ల బండోడు:
సరేన్నా, మైలేజీ?