జవాబు: వాడిన ట్రావెల్ ట్రైలర్ కొంటున్నాను, టైర్లు మార్చాలా?

నమస్కారం. మీరు కొనబోయే ట్రావెల్ ట్రైలర్ (బండి వెనుక తగిలించి లాగే చక్రాల ఇల్లు) టైర్ల గాడులు లోతుగానే ఉన్నాయి కాబట్టి టైర్లు మార్చనక్కరలేదని అమ్మకందారు చెప్పినట్టు రాశారు. ఆ మాట కారుకైతే కొంతవరకు చెల్లుతుంది. ట్రైలర్ టైరు తిరిగి అరిగేది తక్కువ. ఏడాదిలో ఎక్కువ రోజులు ఒకేచోట ఎండలో బరువు మోస్తూ నిలబడి, పైకి కొత్తదానిలా కనిపిస్తూనే లోపలి పొరల పట్టు సడలిపోతుంది. అందువల్ల ముందు తయారీ తేదీ చూడండి. టైరు పక్కగోడపై డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి అంకెలు 2319 అయితే, అది 2019లో 23వ వారంలో తయారైందన్నమాట. ఈ అంకెలు టైరుకు ఒకవైపే ఉండి, అది లోపలివైపుకు తిరిగి ఉండవచ్చు. టార్చిలైటు పట్టుకుని ట్రైలర్ కిందికి దూరక తప్పదు. ఆరేళ్లు దాటిన టైరును, స్టెప్నీతో సహా, నేనైతే నమ్మను.

అసలు చిక్కు బరువు దగ్గర వస్తుంది. అమెరికాలో అమ్మే ట్రైలర్లకు ఎడమవైపు ముందుభాగంలో టైరు సైజు, గాలి ఒత్తిడి, గరిష్ఠ బరువు తెలిపే లేబుల్ ఉంటుంది. 7,000 పౌండ్ల రెండిరుసుల ట్రైలర్‌కు ఎస్‌టీ205/75ఆర్14 సైజు (ఎస్‌టీ అంటే ట్రైలర్ల కోసమే చేసినది), లోడ్ రేంజ్ సి (బరువు మోసే స్థాయి) టైర్లు ఉన్నాయనుకోండి: 50 పీఎస్ఐ గాలి ఒత్తిడి వద్ద ఒక్కొక్కటి 1,760 పౌండ్లు, నాలుగూ కలిపి 7,040 పౌండ్లు మోయగలవు. కొంత బరువు హిచ్ (ట్రైలర్‌ను లాగే బండికి తగిలించే భాగం) మీదికి పోతుంది, నిజమే. కానీ వంటగది, నీళ్ల ట్యాంకు ఒకే పక్కన ఉంటే ఆ పక్క చక్రాలు తమ వాటాకు మించి మోస్తాయి. అదే సైజులో లోడ్ రేంజ్ డి అయితే 65 పీఎస్ఐ వద్ద 2,040 పౌండ్లు మోస్తుంది. ఆ ఒత్తిడిని రిమ్ము, వాల్వు తట్టుకుంటాయని నిర్ధారించుకున్నాకే మార్చండి. సామానంతా సర్దిన తరువాత ట్రక్ స్టాప్‌లోని కాటాపై ఒకసారి తూయిస్తే ఊహాగానం అవసరం ఉండదు.

వేగ చిహ్నం (గరిష్ఠ వేగం తెలిపే గుర్తు) లేని ఎస్‌టీ టైర్లను గంటకు 65 మైళ్లు దాటించవద్దు. బయలుదేరకముందే, టైరు చల్లగా ఉండగానే గాలి చూసుకోవాలి. దారిలో వేడెక్కి ఒత్తిడి పెరిగిందని గాలి తీసేయకూడదు. చక్రాలు బిగించాక 50 మైళ్ల దగ్గర ఆగి, నట్లను టార్క్ రెంచ్ (బిగింపు ఎంతో చూపే పానా)తో మళ్లీ సరిచూడండి.

మరో సభ్యుని జవాబు:

పైన జవాబిచ్చినవారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మా రెండిరుసుల ట్రైలర్‌కు ఒక టైరు పేలినప్పుడు, దాని వెనుక టైరు బాగానే ఉందని వదిలేశాను. మొదటిది పేలాక ఆపేలోగా రెండింటి బరువూ అదొక్కటే మోసిందన్న సంగతి నాకు తట్టలేదు. మర్నాడు అదీ పేలి, కింద ఉన్న నీళ్ల పైపును చీల్చుకుపోయింది. అటువంటప్పుడు రెండూ మార్పించండి.