పిల్లల కథల పుస్తకాలు: ఏది ఏ రకం? సర్దలేక ఆగిపోయాను

ప్రశ్న: బ్రాడీపేట అమ్మ

నమస్తే అండీ. మాది గుంటూరు, బ్రాడీపేట. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఖాళీగా పడి ఉన్న చిన్న గదిలో పిల్లల కోసం ఒక బీరువా పెట్టాం. అందరూ తలా కొన్ని ఇస్తే 140 పుస్తకాలు పోగయ్యాయి. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. జనవరిలో బెజవాడ పుస్తకాల పండక్కి వెళ్లి కొన్నవి కొన్ని, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో బేరమాడి తెచ్చినవి కొన్ని.

రకాలవారీగా సర్ది, వెన్ను మీద రంగు స్టిక్కర్లు వేద్దామని కూర్చున్నాను. జానపదానికి ఎరుపు, ఫాంటసీకి నీలం, డిటెక్టివ్‌కి ఆకుపచ్చ, సైన్స్ ఫిక్షన్‌కి పసుపు. నలభై పుస్తకాలు దాటేసరికి చెయ్యి ఆగిపోయింది. కుందేలు మాట్లాడితే జానపదమా, ఫాంటసీయా? రాక్షసుడు ఉన్న ప్రతిదీ ఫాంటసీయేనా? ఒకదాని అట్ట మీద దయ్యం బొమ్మ ఉంటే దయ్యాల కథల్లో పెట్టాను. పదేళ్ల మా అమ్మాయి చదివి వచ్చి, "అమ్మా, అది దయ్యం కాదు. పాడుబడ్డ మేడలోకి ఎవరూ రాకూడదని వాచ్‌మనే తెల్లదుప్పటి కప్పుకుని తిరుగుతున్నాడు. నువ్వు తప్పు చోట పెట్టావు" అంది. ఇక ఇంగ్లీషు పుస్తకాల వెనక 'మిడిల్ గ్రేడ్', 'యంగ్ అడల్ట్', 'గ్రాఫిక్ నవల' అని ఉంటున్నాయి. అవీ రకాలేనా?

పిల్లలు వచ్చి "ఇలాంటిదే ఇంకోటి ఇవ్వండి ఆంటీ" అంటారు. ఆ 'ఇలాంటిది' అంటే ఏమిటో నాకు తెలియాలి కదా.

జవాబు 1: పాత లైబ్రేరియన్, సత్యనారాయణపురం

అమ్మాయీ, నేను విజయవాడలో 31 ఏళ్లు స్కూలు లైబ్రరీ చూసి రిటైరయ్యాను. ముందు ఆ వెనక అట్ట సంగతి తేల్చేద్దాం. మిడిల్ గ్రేడ్ అంటే సుమారు 8 నుంచి 12 ఏళ్ల వాళ్లకి, యంగ్ అడల్ట్ అంటే 12 దాటి 18 దాకా. అది చదివేవాళ్ల వయసే గానీ కథ రకం కాదు. గ్రాఫిక్ నవల అంటే కథని బొమ్మల్లో చెప్పే పద్ధతి. డిటెక్టివ్ కథనీ బొమ్మల్లో చెప్పొచ్చు, చరిత్రనీ చెప్పొచ్చు. వీటికి స్టిక్కర్ వద్దు, లోపలి పేజీలో పెన్సిల్‌తో రాసుకో చాలు.

ఇక రకాలు. మా పిల్లలకి నేను ఒకటే కథ చెప్పేవాణ్ణి. సీతానగరం రేవులో నీళ్లు తగ్గినప్పుడు ఓ కుర్రాడికి బురదలో పెట్టె దొరికింది. మూత తీశాడు. అందులో ఉంగరం ఉండి, అది వాడి పేరు పెట్టి పిలిస్తే ఫాంటసీ. మన లోకంలో ఎవరూ ఎరగని లోహపు ముక్క ఉండి, అది ఎలా పనిచేస్తుందో కథే లెక్కలు చెప్పి ఒప్పించబోతే సైన్స్ ఫిక్షన్. నోట్ల కట్టలూ, ఒక చిరిగిన రసీదూ ఉండి, ఇవి ఎవరివి, ఎందుకు పారేశారు అని వాడు ఆరా తీయడం మొదలుపెడితే డిటెక్టివ్. పటం ఉండి, దాన్ని పట్టుకుని లంకలు దాటుతూ పోతే సాహసం. వాడు ఉన్న కాలానికి ప్రకాశం బ్యారేజీయే లేదు, తెల్లదొరలు పాత ఆనకట్ట కడుతున్న 1852లో వాడు రాళ్లు మోసే కూలీ కొడుకు అనుకో, అది చారిత్రక కథ. ఆ ఆనకట్ట నిజం, కుర్రాడు కల్పన. నిజంగా బతికిన మనిషి జీవితం ఉన్నదున్నట్టు రాస్తే జీవితచరిత్ర. దాన్ని ఈ బీరువాలో వేరే అరలో పెట్టు.

పెట్టెలో వాళ్ల నాన్న స్టీలు క్యారేజీ ఉందనుకో. రోజూ పనికి వెళ్తున్నానని చెప్పే నాన్న, ఉద్యోగం పోయి పగలంతా ఆ రేవులోనే కూర్చుంటున్నాడని వాడికి అప్పుడు తెలిసింది. ఇది వాస్తవిక కథ. అట్ట మీద మెరిసేదేమీ ఉండదు కాబట్టి పెద్దవాళ్లు దీన్ని కొనరు. నా లైబ్రరీలో ఇలాంటివాటిని పిల్లలు ఒకసారి తీసుకెళ్తే మళ్లీ మళ్లీ తీసుకెళ్లేవారు. నీ రంగుల్లో దీనికి రంగే లేదు, తప్పకుండా ఒకటి కేటాయించు.

జానపదానికీ ఫాంటసీకీ తేడా అడిగావు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందంటే వినేవాళ్లెవరూ "అదెలా?" అనరు. ఆ కథ ఒకరు రాసింది కాదు, నోటినుంచి నోటికి వచ్చింది. మాయ అక్కడ గాలీ నీరూ ఉన్నట్టు ఉంటుంది. ఫాంటసీ ఒక రచయిత కూర్చుని కట్టిన లోకం. మాయకి అక్కడ హద్దులుంటాయి, వాడినందుకు ఏదో ఒకటి పోగొట్టుకోవాలి, చాలాసార్లు మనలాంటి పిల్లవాడే అందులోకి వెళ్లి నోరెళ్లబెడతాడు. పంచతంత్రంలోలా జంతువు మనిషి బుద్ధితో మాట్లాడి నీతి చెబితే నీతికథ. కుక్క కుక్కలాగే మొరుగుతూ, పిల్లాడి వెంట తిరుగుతూ ఉంటే అది వాస్తవిక కథే.

మీ అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. దయ్యం చివర్లో మనిషని తేలితే అది డిటెక్టివ్. చివరి పేజీ చదవకుండా స్టిక్కర్ వెయ్యకు.

జవాబు 2: కొరిటెపాడు టీచరమ్మ

బాబాయి గారూ, పెట్టె కథ రేపే మా ఆరో తరగతిలో చెబుతాను. ఒక్క చోట మాత్రం నా అనుభవం వేరు. చివరి పేజీ చూసి ఆకుపచ్చ స్టిక్కర్ వేస్తే, "అయితే దయ్యం లేదన్నమాట" అని చదవకముందే పిల్లలకి తెలిసిపోతుంది. మా క్లాసులో ఒకడు సరిగ్గా అలాగే పుస్తకం తిరిగిచ్చేశాడు. వాడు ఏడాదంతా భయపడే కథలే అడిగాడు, మొదట దయ్యం పేరుతో ఇచ్చిన పుస్తకంతోనే పరిశోధన కథల్లోకి వచ్చాడు. అందుకని నేను అలాంటివాటికి రెండు స్టిక్కర్లు వేస్తాను, భయానికి ఒకటి, పరిశోధనకి ఒకటి. నిజంగా రెండు రకాలు కలిసిన కథలు చాలానే ఉంటాయి. భేతాళ కథలు చూడండి, జానపదమూ అవే, చివర్లో చిక్కుప్రశ్నా అవే.

ఇంకో మాట అక్కా. రామాయణ భారతాల కథల్ని ఫాంటసీలో కలపకండి. అపార్ట్‌మెంట్లో పెద్దవాళ్లు నొచ్చుకుంటారనే కాదు. ఇంట్లో దణ్ణం పెట్టుకునే హనుమంతుణ్ణి పిల్లలు కొత్తగా పరిచయమయ్యే మాంత్రికుడిలా చదవరు. పురాణ కథలని విడిగా ఒక అర పెట్టండి. ఈ కాలంలో హనుమంతుడు బస్సెక్కి మన ఊరొచ్చాడని ఎవరైనా కొత్తగా కథ అల్లితే మాత్రం, దాన్ని ఫాంటసీలో పెట్టండి.

జవాబు 3: పాత లైబ్రేరియన్, సత్యనారాయణపురం

టీచరమ్మ గారి మాట నాకు నచ్చింది. ఆ కోణం నాకు తట్టలేదు. రెండు స్టిక్కర్లే వెయ్యి అమ్మాయీ.

మళ్లీ నేనే: బ్రాడీపేట అమ్మ

బాబాయి గారికీ, టీచర్ గారికీ చాలా థాంక్స్. ఆదివారం మధ్యాహ్నం పుస్తకాలన్నీ చాప మీద పరిచి, నేనూ మా అమ్మాయీ, మూడో అంతస్తు పిల్లలిద్దరూ కూర్చుని మళ్లీ మొదటినుంచి సర్దాం. ఒక్కో పుస్తకం పట్టుకుని "పెట్టెలో ఏముంది?" అని అడుగుతుంటే వాళ్లే చెప్పేశారు. ఫాంటసీ అనుకున్న 22లో 13 జానపదంలోకి వెళ్లాయి. వాస్తవిక కథలకి నారింజ రంగు పెట్టాను. మొత్తం వెతికితే ఆరే ఉన్నాయి, తెలుగులో రెండే. ఈసారి బెజవాడ వెళ్తే ముందు అవే చూస్తాను.

ఒక్క పుస్తకం మాత్రం తేలలేదు. చనిపోయిన నానమ్మ రోజూ మధ్యాహ్నం వచ్చి మనవరాలికి జడ వేస్తుంది. దయ్యమని ఎక్కడా అనరు, కల అనీ అనరు, ఆ పిల్ల తలలో మాత్రం రోజూ కనకాంబరాలు ఉంటాయి. నీలమా, నారింజా అని నేను అడిగేలోపే మా అమ్మాయి దాన్ని తీసుకుని పైకి వెళ్లిపోయింది. ఇంకా తిరిగివ్వలేదు.