ఒక్కటే టార్క్ రెంచ్ (బోల్టుని కొలిచిన బలానికి బిగించే పానా) కొనాలంటే అరంగుళం డ్రైవా, చిన్నదా?

కాకినాడ_శ్రీను:
ఇంట్లో ఒక పాత స్విఫ్ట్, ఒక యాక్టివా ఉన్నాయి. ఆయిల్ మార్చడం, ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్లు నేనే చూసుకుంటాను. పోయిన నెల రాజమండ్రి నుంచి వస్తుంటే రాత్రిపూట పంచరైంది. అంతకు ముందు ఎవరో ఎయిర్ గన్‌తో బిగించిన నట్లు స్టెప్నీ పానాకి లొంగలేదు. పానా మీద ఎక్కి నిలబడితే ఒకదాని స్టడ్డే (నట్టు ఎక్కే మరల కడ్డీ) తెగింది. ఇంక చక్రాలు నేనే కొలిచి బిగించుకుందామని 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల (తిప్పే బలం కొలత) అరంగుళం డ్రైవ్, అంటే సాకెట్ తగిలించే చదరపు ముక్క అరంగుళం ఉన్న రెంచ్ చూశాను. ఒక్కదానికే డబ్బులున్నాయి. కొనేయనా?

బాలానగర్_ఫిట్టర్:
వద్దు తమ్ముడూ, చిన్నది కొను. నువ్వు చెప్పిన పనుల్లో చక్రం ఒక్కటే పెద్ద బోల్టు. ఇంజిన్ దగ్గరికొస్తే 10 మిల్లీమీటర్ల పానా పట్టే ఎం6 (6 మిల్లీమీటర్ల మందం) బోల్టులే ఎక్కువ. వాటికి 10 న్యూటన్ మీటర్లు దాటక్కర్లేదు. 28 దగ్గర మొదలయ్యే రెంచ్ వాటిని కొలవనే కొలవదు. నా బండికి టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) పొడుగు రాట్చెట్‌తో బిగించాను. చేతికి ఒక్కసారిగా మెత్తగా తగిలింది. బోల్టు బయటికి తీస్తే మరల నిండా అల్యూమినియం సన్న తీగలా చుట్టుకుని వచ్చింది. కన్నం పెద్దది చేయించి హెలికాయిల్ (కొత్త మరలిచ్చే తీగ చుట్ట) వేయించుకున్నాను.

ఆటోనగర్_బెజవాడ:
ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, మీ ఇద్దరికీ ఒక మాట. మీరు తిప్పే బలంలో సుమారు పదో వంతే బోల్టుని సాగదీసి పట్టు తెస్తుంది. మిగతాదంతా తల కింద, మరల్లో రాపిడికే పోతుంది. తుప్పు పట్టిన స్టడ్ మీద కూడా పెట్టిన అంకె రాగానే రెంచ్ టక్‌మంటుంది గానీ పట్టు ఉండదు. నూనె రాస్తే అదే అంకెకి ఎక్కువ బిగుసుకుంటుంది. ముందు వైరు బ్రష్‌తో మరలు శుభ్రం చేసి, పొడిగా ఉంచి బిగించండి. ఆ పని చెయ్యకుండా ఎంత ఖరీదైన రెంచ్ తెచ్చినా లాభం లేదు.

డల్లాస్_రావు:
నేను అరంగుళం పక్షమే. టాపెట్ కవర్ మరలు పోతే డబ్బు పోతుంది. చక్రం ఊడితే మనుషులు పోతారు. మా ఇంట్లో పిల్లల కార్లకి కూడా నేనే బిగిస్తాను. ఒకటి మాత్రం చూసుకోండి. ఇక్కడి రెంచ్‌ల మీద అడుగు పౌండ్లు ఉంటాయి. ఒక అడుగు పౌండు అంటే 1.356 న్యూటన్ మీటర్లు. 100 దగ్గర ఏ గీత చదువుతున్నామో చూడకపోతే 136 అయిపోతుంది. ఇండియా నుంచి మాన్యువల్ ఫొటో తెప్పించుకుని అమెరికా రెంచ్‌తో బిగించేవాళ్లకి ఈ తప్పు సులువుగా జరుగుతుంది.

బాలానగర్_ఫిట్టర్:
రావు గారూ, చక్రం విషయంలో మీ భయం న్యాయమే. అయితే లెక్క చూడండి. స్టెప్నీ పానా సుమారు 30 సెంటీమీటర్లు. దాని చివర 30 కిలోల బలంతో నొక్కితే 88 న్యూటన్ మీటర్లు. శ్రీను కారుకి కావాల్సింది 85. అదే పానా మీద 60 కిలోల మనిషి నిలబడితే 176. స్టడ్డు తెగేది, సాగేది అలాంటి బిగింపులకే. నట్లు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, నిలబడకుండా చేత్తో బిగిస్తే దరిదాపుల్లోకి వస్తాం. అదే 10 న్యూటన్ మీటర్లని చేత్తో కొలవమంటే? పొడుగు పానా పట్టుకుంటే రెండు వేళ్లతోనే దాటేస్తాం.

డల్లాస్_రావు:
ఆ 30 కిలోలు చేతికి ఎలా తెలుస్తాయండీ? రాత్రి, రోడ్డు పక్కన, కంగారులో? దరిదాపులు చాలవు. అరంగుళం కొనలేకపోతే, ముల్లు చూపించే పాత రకం బీమ్ రెంచ్ కొనండి. టక్‌మనే రకంలోలా అందులో అలసిపోయే స్ప్రింగ్ లేదు. ముల్లు సున్నా మీద నిలబడితే చాలు. వంగితే మళ్లీ సున్నాకి తెచ్చుకోవచ్చు.

ఆటోనగర్_బెజవాడ:
బీమ్ మంచిదే. కానీ కారు కింద దూరి ముల్లు చదవడం కష్టం.

కాకినాడ_శ్రీను:
ఇంట్లో రెంచ్ నిజం చెబుతోందో లేదో ఎలా చూసుకోవాలి?

బాలానగర్_ఫిట్టర్:
రెంచ్ చదరపు ముక్కని వైస్‌లో బిగించి, పిడిని నేలకి సమంగా పట్టు. పిడి నడిమి నుంచి బరువు వేలాడదీయి. ముక్క నడిమి నుంచి బరువు దాకా 25 సెంటీమీటర్లు, బరువు 10 కిలోలైతే 24.5 న్యూటన్ మీటర్లు. పిడి బరువు కూడా కొంచెం కలుస్తుంది. మెల్లగా వదులు, ఊపితే తప్పు చూపిస్తుంది. వాడాక స్ప్రింగ్‌ని కనిష్ఠ అంకెకి తిప్పి పెట్టు, అంతకన్నా కిందికి వద్దు. బిగిసిన బోల్టులు ఊడదీయడానికి దాన్ని ముట్టుకోకు.

కాకినాడ_శ్రీను:
3/8 అంగుళం డ్రైవ్, 10 నుంచి 60 దాకా ఉన్నది తెచ్చాను. రావు గారి మాట విని చక్రాల కోసం అరంగుళం బీమ్ వచ్చే జీతానికి అనుకున్నాను, ఈలోగా స్టెప్నీ పానా మీద నిలబడను. బియ్యం సంచి తూకం వేయించి 10 కిలోలు సరిచేసి, వైస్ దగ్గర వేలాడదీశాను. 25 మీద పెడితే టక్‌మంది. 27 మీద పెడితే మోగలేదు. ఆదివారం యాక్టివా ఆయిల్ డ్రెయిన్ బోల్టు కొత్త వాషర్ వేసి 24కి బిగించాను. పొద్దున చూస్తే కింద పరిచిన అట్ట మీద ఒక్క చుక్క లేదు.