ఫిర్యాదు ప్రతి లేనిదే అత్యాచార బాధితురాలికి గర్భస్రావం చేయరా?

అత్యాచారం వల్ల గర్భం దాల్చిన ఒక యువతికి తోడుగా ఆసుపత్రికి వెళ్తున్నాను. పోలీసు ఫిర్యాదు ప్రతి లేకుండా గర్భస్రావం చేయలేమని అక్కడ రెండుసార్లు తిప్పి పంపారు. రెండోసారి బయటికి వచ్చేటప్పటికి ఆమె పిడికిట్లోని స్కానింగ్ రిపోర్టు చెమటకు మెత్తబడిపోయింది.

గర్భస్రావానికి స్త్రీ కోరితే చాలునని, మరే వ్యక్తి గానీ సంస్థ గానీ అనుమతి ఇవ్వాల్సిన అవసరం ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫార్సు చేసింది. ఫిర్యాదు చేయాలో వద్దో తేల్చుకోవడానికి ఆమెకు సమయం కావాలి, గర్భం మాత్రం వారం వారం పెరుగుతూనే ఉంటుంది. ఈ రెండింటినీ ముడిపెట్టడం అన్యాయమని నా గట్టి నమ్మకం.

ఫిర్యాదు లేకుండానే చికిత్స పొందినవారు వైద్యులకు ఏ పత్రం చూపారు? తర్వాత ఆమె కేసు పెట్టదలిస్తే పనికొచ్చేలా, డీఎన్ఏ పరీక్ష కోసం కణజాల నమూనాను భద్రపరచమని ముందే రాతపూర్వకంగా కోరవచ్చా? తెలిసినవారు దయచేసి త్వరగా చెప్పండి.