లాంగ్లీ ఏరోడ్రోమ్: 1914 పరీక్ష దేన్ని రుజువు చేసింది?

ప్రొపెల్లర్:
అమెరికా శాస్త్రవేత్త శామ్యూల్ లాంగ్లీ తన విమానానికి పెట్టుకున్న పేరు ఏరోడ్రోమ్. అది 1903 అక్టోబరు 7న, డిసెంబరు 8న పోటోమాక్ నదిలో కూలింది. 1914 మేలో విమానాల తయారీదారు గ్లెన్ కర్టిస్ దాన్నే హామండ్స్‌పోర్ట్ దగ్గర సరస్సు మీంచి లేపాడు. కాబట్టి తప్పు 1903లో దాన్ని గాల్లోకి విసిరిన, పడవ కప్పు మీది విసురు యంత్రానిదే. లాంగ్లీ సహాయకుడు మ్యాన్లీ తయారుచేసిన ఇంజను చూడండి: ఐదు సిలిండర్లు, 52 హార్స్‌పవర్, నీళ్లతో సహా 207 పౌండ్లు. రైట్ సోదరుల ఇంజను 12 హార్స్‌పవరే!

గాలివాటం:
ఇంజను అద్భుతం, ఒప్పుకుంటాను. అయితే ‘దాన్నే’ లేపాడంటే ఎలాగండీ? రెక్క వంపు తగ్గించారు, ముందంచు ఆకారం మార్చారు, ప్రొపెల్లర్లు సవరించారు. అన్నిటికన్నా ముఖ్యం, రెక్కల కింద తీగలు బిగించే స్తంభాలను సుమారు రెండున్నర అడుగులు వెనక్కి జరిపారు. వంపు రెక్క గాలిని తాకే కోణం తగ్గేకొద్దీ ఒత్తిడి కేంద్రం, అంటే లేపే బలం పనిచేసే చోటు, వెనక్కి జారుతుంది. తీగల ఆసరా ముందుంటే వెనకంచు పైకి లేచి, ముందంచు కిందికి మెలితిరుగుతుంది. మెలిక పడ్డ రెక్క లేపదు. అక్టోబరులో ముక్కు నీళ్లలోకి దూసుకుపోవడానికి నాకు కనిపించే కారణం అదే.

ప్రొపెల్లర్:
నీటి మీద తేలడానికి బిగించిన ఫ్లోట్లతో బరువు 850 నుంచి 1,170 పౌండ్లకు పెరిగింది కదా! అంత బరువుతో లేచిందంటే రెక్కల్లో సత్తా ఉన్నట్టే.

గాలివాటం:
మార్చిన రెక్కల్లో ఉంది. పైగా మ్యాన్లీ ఇంజనుతో ఒక్కో లేపు 5 సెకన్లు దాటలేదు. తర్వాతి పరీక్షలకు కర్టిస్ తన ఇంజనే బిగించాడు.

కొలబద్ద:
అసలు చిక్కు నమూనాను పెంచడంలో ఉంది. నాలుగో వంతు నమూనా ఎగిరింది. దాన్ని అన్ని వైపులా నాలుగింతలు చేస్తే రెక్క వైశాల్యం 16 రెట్లు, బరువు 64 రెట్లు అవుతుంది. నమూనాలో చాలిన కర్ర ఇక్కడ చాలదు. పక్కకు ఒరిగితే పైలట్ సరిచేసుకునే ఏర్పాటు లేదు, దిగడానికి చక్రాలూ స్కిడ్లూ లేవు.
ఇంకోటి: కర్టిస్ అప్పటికే రైట్ సోదరులు వేసిన పేటెంట్ కేసు ఓడిపోయాడు; వాళ్లకన్నా ముందే ఎగరగల విమానం ఉందని చూపితే అతనికి లాభం. లాంగ్లీ నడిపిన సంస్థ స్మిత్సోనియన్, ఆ పరీక్షల తర్వాత యంత్రాన్ని 1903 రూపానికి తెచ్చి, మనిషిని మోసి ఎగరగల మొదటి విమానమని రాసి పెట్టింది. మార్పుల జాబితా అది ప్రకటించింది 1942లో. రైట్ సోదరుల 1903 విమానం రైట్ ఫ్లయర్ 1928లో లండన్ వెళ్లిపోయి, ఏళ్ల తరబడి తిరిగి రాకపోవడానికి కారణం ఈ గొడవే.

ప్రొపెల్లర్:
సరే, 1903 రెక్కను ఇప్పుడు పరీక్షించాలంటే?

గాలివాటం:
తలకిందులుగా బిగించి ఇసుక మూటలు వేయాలి. రెక్కను పొడవునా మోసే దూలం మీద కాదు, దాని వెనక, రెక్క వెడల్పులో సగం దగ్గర. బరువు కొద్దికొద్దిగా పెంచుతూ కొనల దగ్గర మెలిక ఎన్ని డిగ్రీలో కొలవాలి. విరగకపోయినా సరే, రెక్కను నిలిపిన కోణాన్ని మెలిక మించిందంటే ఏరోడ్రోమ్ ఎగరదు.